స్టంట్ బైక్‌కి కేజ్ కట్టిపెట్టిన ఆటోనగర్ బాబాయ్‌కి, మిగతా అందరికీ థాంక్స్

అందరికీ నమస్కారం. నా బండికి క్రాష్ కేజ్ (పడ్డప్పుడు ఇంజిన్‌కి దెబ్బ తగలకుండా చుట్టూ బిగించే ఇనప పైపుల చట్రం) ఎట్టకేలకు ఎక్కింది. మంచి వెల్డర్ ఎవరైనా తెలుసా అని అడిగితే గాజువాక ఆటోనగర్ దారి చూపించినవాళ్లు, మధురవాడ నుంచి అక్కడికి బండిని టాటా ఏస్‌లో చేర్చిన అన్న, టార్క్ రెంచ్ (బోల్టు ఎంత గట్టిగా బిగుస్తుందో కొలిచే రెంచ్) అరువిచ్చిన ఫ్రెండ్... చాలామందికి బాకీ పడ్డాను. పేర్లు వేయొద్దన్నారు కాబట్టి వేయడం లేదు. వాళ్లు చేసిన పని మాత్రం చెప్పాల్సిందే.

నాది 2020లో ఫ్రేమ్ మారాక వచ్చిన కేటీఎం డ్యూక్ 200 బైకు. అన్ని డ్యూక్‌లకూ సరిపోతుందని చెప్పి ఆన్‌లైన్‌లో ఒక రెడీమేడ్ కేజ్ అమ్మారు. పెట్టి చూస్తే ఎడమవైపు బాగానే కూర్చుంది, కుడివైపు కేజ్ పట్టీకీ ఇంజిన్ మౌంటింగ్‌కీ మధ్య వేలు దూరేంత సందు. వాపసు తీసుకోమంటే ఫోన్ ఎత్తడం మానేశారు. దగ్గర్లో ఒక షాపులో అడిగితే, "పొడుగు బోల్టేసి లాగేస్తే అదే కూర్చుంటుంది" అన్నారు.

ఈ మాట చెప్పగానే ఆటోనగర్ బాబాయ్‌కి ఒళ్లు మండిపోయింది. షిప్‌యార్డులో వెల్డింగ్ చేసి రిటైరైన మనిషి. కోపంలోనే విడమర్చి చెప్పారు. ఇంజిన్ కేసింగ్ అల్యూమినియం. ఇనప కేజ్‌ని బోల్టుతో బలవంతంగా లాగి బిగిస్తే, బండి ఊరికే నిలబడి ఉన్నా ఆ మౌంటింగ్ చెవుల (బోల్టు పట్టే కేసింగ్ కొసల) మీద లాగుడు ఉంటూనే ఉంటుంది. పడ్డ రోజున కేజ్ వంగదు, చెవి విరుగుతుంది. కేజ్ లేకుండా పడితే ఫుట్‌రెస్టో క్లచ్ లివరో పోతుంది, సరిగా కూర్చోని కేజ్‌తో పడితే ఇంజిన్‌కే ఎసరు.

అందుకని ఆ సందు కొలిచి, పక్క లేత్‌లో సరిగ్గా అంతే మందం ఇనప బుష్ (సందు నింపే గొట్టం ముక్క) చేయించారు. బుష్, పట్టీల మందం కలిసేసరికి పాత బోల్టుకి మర పట్టు చాలదు కదా, అంత పొడవు ఎక్కువున్న బోల్టులు తెప్పించారు. తల మీద 10.9 అని (బోల్టు బలం చెప్పే గుర్తు) ఉంటేనే తీసుకురమ్మన్నారు. ఇంజిన్ కింద జాకీ పెట్టి, ఒకటి తీసి ఒకటి వేస్తూ, అన్నీ చేత్తో తిరిగేంతవరకే ఉంచి, కేజ్ తనంతట తాను కూర్చున్నాకే రెంచ్ పట్టుకున్నారు.

రెండువైపులనూ కలుపుతూ ఇంజిన్ ముందు ఒక అడ్డపైపు కూడా వేశారు. ఒకవైపు తగిలిన దెబ్బ రెండువైపులా పంచుకోవడానికి అది. నాకు అసలు తట్టని విషయం ఇక్కడే ఉంది. ఊరికే ట్యాక్ (నిలబెట్టడానికి చిన్న వెల్డింగ్ చుక్క) వేసి వదిలి, ముందు ఫోర్కుల్ని బెల్టులతో పూర్తిగా కిందికి లాగించారు. స్టాపీ (ముందు బ్రేకు పట్టి వెనక చక్రం గాల్లోకి లేపడం) కొట్టినప్పుడు ఫోర్కులు అడుగుదాకా దిగుతాయి కదా, అప్పుడు టైరు ఎక్కడికొస్తుందో చూడాలన్నారు. చూస్తే అడ్డపైపుకి ఆనుకునేలా ఉంది! ఆ ట్యాక్ కోసేసి పైపు వెనక్కి జరిపారు. హ్యాండిల్ అటూ ఇటూ చివరిదాకా తిప్పి రేడియేటర్ వైపు కూడా చూశారు.

బండి మీద ట్యాక్ వేసే ముందు బ్యాటరీ వైరు, ఈసీయూ (ఇంజిన్‌ని నడిపించే కంప్యూటర్) కప్లర్ తీసేశారు. ఫుల్ వెల్డింగ్ మాత్రం కేజ్ విప్పి బల్ల మీద బిగించే చేశారు, వేడికి పైపు గుంజుకుపోకుండా. పక్కల నైలాన్ ముక్కలు వేశాం. సముద్రపు గాలికి తుప్పు పట్టకుండా పౌడర్ కోటింగ్ కూడా అయింది.

ఇంత చేసి కూలీ సగమే తీసుకున్నారు. ఒక్క షరతు పెట్టారు, ఈ బండి రోడ్డెక్కకూడదని. ప్రాక్టీసు గ్రౌండ్‌కి మళ్లీ టాటా ఏస్‌లోనే వెళ్తుంది. బీచ్ రోడ్డులో రాత్రిళ్లు వీలీలు (ముందు చక్రం లేపి నడపడం) కొట్టేవాళ్ల పుణ్యమా అని మాకందరికీ ఉన్న చెడ్డపేరు చాలు. ఇంట్లో అమ్మ టెన్షన్ కాస్త తగ్గింది. పూర్తిగా తగ్గదులెండి, కేజ్ కాపాడేది బండినే, నన్ను కాపాడాల్సినవి హెల్మెట్టూ మోకాలి గార్డులూ.

బాబాయ్ అట్టముక్కల మీద గీసిన కొలతలు నా దగ్గరున్నాయి. ఇదే మోడల్ ఉన్నవాళ్లు మెసేజ్ పెడితే ఫొటోలు పంపిస్తాను. నేరుగా ఆయన దగ్గరికి వెళ్లేవాళ్లు భోజనం టైములో మాత్రం వెళ్లకండి, తిడతారు.