పొద్దున్నే లీటరు నీళ్లు అందరికీ కాదండి, ఉద్దానం నుంచి ఒక మనవి

ఎడిటర్ గారికి నమస్కారం,

అరవై దాటినోళ్లు నిద్ర లేవగానే పరగడుపున లీటరు నీళ్లు తాగితే ఎంతో మంచిదని మొన్న మీ ఆరోగ్యం పేజీలో వేశారు, అది చూసే ఈ ఉత్తరం రాస్తున్నాను. మాది సోంపేట దగ్గర పల్లె, ఒడిశా బోర్డరు, కిడ్నీ జబ్బులు ఎక్కువగా ఉన్న ఉద్దానం అంటే మీకు చెప్పక్కర్లేదు. ఆ ముక్కని ఎవరో ఫోటో తీసి వాట్సాప్‌లో పెడితే ఇచ్ఛాపురం దాటి బరంపురంలో ఉన్న మా చుట్టాల ఫోన్ల దాకా వెళ్లిపోయింది. అందులో సగం మంచి మాటే, రెండో సగం రాయకపోవడం వల్లే మా వైపు ప్రాణాల మీదకి వస్తుంది.

వయసు మీద పడేకొద్దీ దాహం తెలియడం తగ్గిపోతుంది, ఇది నిజం. వయసులో ఉన్నోళ్ల ఒంట్లో 60 శాతం దాకా నీరు ఉంటే ముసలితనంలో అది 50 దగ్గరకి వచ్చేస్తుంది, పైగా కిడ్నీలకి నీటిని పట్టి ఉంచే శక్తి కూడా తగ్గుతుంది కాబట్టి రాత్రుళ్లు ఒంటేలుకి లేవడం ఎక్కువవుతుంది, ఆ లేవడానికి భయపడి సాయంత్రం నుంచే నీళ్లు మానేస్తారు. మా అత్తగారిదీ అదే మాట, "దాహం ఎయ్యకపోతే ఎలా తాగుతానమ్మా, తాగితే రాత్రి లెగాలి కదా" అని. దానికి తోడు మా దగ్గర కిడ్నీ జబ్బు వస్తుందేమోనని బోరు నీళ్లంటే భయం, టిన్ను నీళ్లు కొనుక్కోవాలి, కొన్న నీళ్లు కదా అని పిల్లలకి పోసి తాము మాత్రం గుటకలు లెక్కపెట్టుకుని తాగే పెద్దోళ్లని నేను చాలామందిని చూశాను.

మొన్న వేసవిలో ఒక పొద్దున్న అత్తగారు మంచం దిగి గుమ్మం పట్టుకుని అలాగే నిలబడిపోయారు, నోరు పిడచకట్టుకుపోయింది, నన్ను మా ఆడపడుచు పేరు పెట్టి పిలుస్తున్నారు. ఏ గాలో సోకిందని పక్కింటోళ్లు అన్నారు గానీ డాక్టరు గారు చూసి ఒంట్లో నీళ్లు లేవు అంతే అన్నారు. మోకాళ్ల నొప్పులకి ఏం మాత్రలు వేస్తున్నారని కూడా గట్టిగా అడిగారు, ఎందుకంటే నీళ్లు తక్కువైన ఒంట్లో ఆ నొప్పి మాత్రలు పడితే కిడ్నీలకి దెబ్బ. ఇది ప్రతి మెడికల్ షాపు ముందు బోర్డు పెట్టి రాయాల్సిన మాట. మా జీడితోటల్లో, కొబ్బరి తోటల్లో పనిచేసేవాళ్లు పొద్దంతా ఎండలో చెమటోడ్చి సాయంత్రం ఒళ్లు నొప్పులని అవే మాత్రలు మింగుతారు.

ఇప్పుడు మా ఇంట్లో అత్తగారు లేచేసరికి మంచం పక్కన గ్లాసు నీళ్లు రెడీగా ఉంటాయి. నిదానంగా లేచి కూర్చుని, గుక్క గుక్కగా తాగి, కాసేపాగి అప్పుడు నిలబడతారు. పొద్దున్న నీళ్లకి ప్రత్యేకంగా మహత్యం ఏమీ లేదండి, రోజు మొత్తం మీద ఎన్ని తాగారన్నదే లెక్క, కానీ రాత్రంతా చుక్క పడని ఒళ్లు కాబట్టి అక్కడ మొదలుపెడితే అలవాటు నిలబడుతుంది. మా చిన్నప్పుడు పెద్దోళ్లు తోటకి వెళ్లే ముందు తరవాణో గంజో తాగి వెళ్లేవారు, ఇప్పుడు ఆ జాగాలోకి చిన్న కప్పు టీ వచ్చింది.

అసలు నేను చెప్పాలనుకున్నది డయాలసిస్ వాళ్ల గురించి. మా వీధిలో ఒక మావయ్య గారు పలాస వెళ్లి డయాలసిస్ చేయించుకుంటారు. ఆయనకి రోజుకి ఎన్ని నీళ్లు తాగాలో డాక్టర్లు కొలత పెట్టారు, టీ, మజ్జిగ, చారు అన్నీ అందులోకే వస్తాయి. ఒంటేలు సరిగా రాని మనిషి లీటరు నీళ్లు ఒక్కసారి తాగితే అవి ఎక్కడికి పోతాయి? కాళ్లు పొంగుతాయి, ఊపిరితిత్తుల్లోకి నీరు చేరుతుంది, పడుకుంటే ఆయాసం. నీళ్లు తాగితే కిడ్నీలు కడిగినట్టు అవుతాయట అని ఆయన కోడలు ఫోన్‌లో ఆ ఫోటో చూపించి నన్ను అడిగింది, ఆ పిల్లది ఆశ, తప్పు కాదు. గుండె బలహీనంగా ఉన్నోళ్లకీ ఇదే ప్రమాదం. బీపీకి నీటి మాత్ర, అంటే ఒంటేలు ఎక్కువ వచ్చేలా చేసే మాత్ర, వేసుకునే పెద్దోళ్లయితే ఒక్కసారే అన్ని నీళ్లు తాగితే రక్తంలో సోడియం పడిపోయి తికమకపడి పడిపోవచ్చు.

ఉద్దానంలో కిడ్నీ జబ్బు ఎందుకు వస్తుందో ఇదీ కారణం అని ఇప్పటికీ తేలలేదు. 2023 డిసెంబర్‌లో పలాసలో కిడ్నీ ఆసుపత్రి ప్రారంభించారు, హిరమండలం నుంచి పైపుల్లో మంచినీళ్లు తెచ్చే పథకం కూడా అప్పుడే మొదలైంది, సంతోషమే. అయినా నీళ్ల గురించి మా వాళ్లకి ఉన్న భయం అంత తొందరగా పోదు, ఆ భయంలో ఉన్నోళ్లు పేపర్లో అచ్చయిన మాటని డాక్టరు మాట లాగే నమ్ముతారు.

అందుకని నా మనవి, వచ్చేసారి ఇలాంటివి వేసేటప్పుడు కిడ్నీ, గుండె జబ్బులున్నోళ్లు, నీటి మాత్రలు వాడేవాళ్లు డాక్టరుని అడిగాకే తాగాలని హెడ్డింగు కిందే పెద్ద అక్షరాల్లో వెయ్యండి, చివర్లో చిన్నగా కాదు. లీటరు అని కాకుండా ఒక గ్లాసుతో మొదలుపెట్టమని రాయండి. మొన్నటి దానికి సవరణ కూడా శ్రీకాకుళం ఎడిషన్‌లో ఈ వారమే వేస్తే దాన్నీ ఫోటో తీసి అవే గ్రూపుల్లో నేనే పెడతాను.

ఇట్లు,
సోంపేట మండలం నుంచి మీ పాఠకురాలు