సూపర్‌చార్జర్ కారుకు బ్రేక్ సర్వో: అసలు చిక్కు వాక్యూమ్‌లోనే

సంపాదకులకు నమస్కారం.

పాత స్పోర్ట్స్ కారుకు సూపర్‌చార్జర్ (ఇంజిన్‌లోకి గాలిని ఒత్తిడితో నెట్టే పరికరం) పెట్టి, పవర్ బ్రేకు కోసం మామూలు వాక్యూమ్ సర్వోను (బ్రేకు పెడల్‌పై కాలి బలాన్ని పెంచే పరికరాన్ని) అలాగే తగిలించేవారికి ఈ మాట చేరాలి. సర్వోకు బలం మేనిఫోల్డ్‌లోని, అంటే ఇంజిన్‌కు గాలి చేరే గొట్టంలోని, వాక్యూమ్ నుంచే వస్తుంది. యాక్సిలరేటర్ గట్టిగా తొక్కి బూస్ట్ (సూపర్‌చార్జర్ పెంచే గాలి ఒత్తిడి) ఎక్కినప్పుడు అక్కడ వాక్యూమ్ ఉండదు సరికదా, ఒత్తిడి సర్వో వైపు ఎదురు తన్నుతుంది. కాబట్టి ఈ రెంటినీ కలిపే హోస్‌లో నాన్‌రిటర్న్ వాల్వు (గాలిని ఒకవైపే పోనిచ్చేది) తప్పనిసరి. గాలి సర్వో నుంచి మేనిఫోల్డ్‌కే పోవాలి; తిరగేసి బిగిస్తే సర్వో పనిచేయదు, దానిలోని డయాఫ్రమ్ (రబ్బరు పొర) కూడా దెబ్బతినవచ్చు. పెట్రోలు హోస్ వాడకండి, లోపలికి నొక్కుకుపోతుంది. వాక్యూమ్‌కు తగిన మందపాటి హోస్, గట్టి క్లిప్పులు కావాలి.

ముందు ఐడిల్‌లో, అంటే యాక్సిలరేటర్ తొక్కకుండా ఇంజిన్ నడుస్తుండగా, మేనిఫోల్డ్‌కు వాక్యూమ్ గేజి పెట్టి చూడండి. మామూలు ఇంజిన్‌లో సుమారు 18 అంగుళాల పాదరసం చూపుతుంది. రేసింగ్ క్యామ్ (ఇంజిన్ వాల్వులను ఎక్కువసేపు తెరిచి ఉంచే క్యామ్‌షాఫ్ట్) ఉంటే బాగా పడిపోతుంది. అప్పుడు రిజర్వాయర్ (వాక్యూమ్‌ను నిల్వ ఉంచే డబ్బా) ఒక్కటే చాలదు, ఎలక్ట్రిక్ వాక్యూమ్ పంపు వేయాలి.

బ్రేకు పైపుల నట్లు మరీ జాగ్రత్త. 3/8 అంగుళం యూఎన్‌ఎఫ్ (అంగుళాల కొలత మర) నట్టు ఎం10 (10 మిల్లీమీటర్ల మర) రంధ్రంలో వదులుగా ఎక్కుతుంది, బిగిసినట్టే ఉంటుంది, గట్టిగా బ్రేకు వేసిన రోజు ఊడుతుంది.

బ్రేకు పైపుల్లోని గాలి పూర్తిగా తీశాక ఇంజిన్ ఆపి, పెడల్ గట్టిపడేదాకా నాలుగైదుసార్లు తొక్కండి. కాలు నొక్కే ఉంచి స్టార్ట్ చేయండి. పెడల్ కొద్దిగా కిందికి దిగాలి. దిగకపోతే సర్వోకు వాక్యూమ్ అందడం లేదు, ముందు వాల్వూ హోసూ చూడండి.

— ఒక పాఠకుడు