కలడో లేడో అంటూనే పిలిచింది

అందరికీ నమస్కారం. ఆరో కీమో అయిపోయింది. ఇక మూడు నెలలకోసారి వచ్చి చూపించుకుంటే చాలని డాక్టర్ నిన్న చెప్పారు. ఆ మాట విన్నాకే ఈ కృతజ్ఞతలు రాయాలని ఇన్నాళ్లూ ఆగాను.

ముందుగా మా తెలుగు సార్‌కు. హన్మకొండలో నాకు పదో తరగతి చెప్పారు, రిటైరై చాలా ఏళ్లయింది. జబ్బు సంగతి తెలిసి ఇంటికొస్తే, అందరికీ చెప్పినట్టే ఆయనకూ "నాకేం కాదు సార్, ధైర్యంగానే ఉన్న" అన్నాను. ఏమీ అనలేదు. మర్నాడు పోతన భాగవతం పట్టుకొచ్చి గజేంద్ర మోక్షం తీశారు.

"లావొక్కింతయు లేదు, ధైర్యము విలోలంబయ్యె." మార్కుల కోసం బట్టీ పట్టిన పద్యమే. ఒంట్లో బలం లేదు, ధైర్యం సడలింది, ప్రాణాలు చోటు తప్పాయి అని ఆ ఏనుగు ఒక్కొక్కటీ ఒప్పుకుంటుంటే, మంచం దిగలేని నాకు దుఃఖం ఆగలేదు. జబ్బు బయటపడ్డాక ఒకరి ముందు ఏడ్వడం అదే మొదలు.

ఆ తర్వాత ప్రతి సాయంత్రం మా ఇద్దరికీ వాదనే. "అంతకుముందే కలడో లేడో అని అనుమానపడ్డది కద సార్, మరి పిలిచి ఏం లాభం?" అన్నాను. "అనుమానం తీరేదాక ఆగలేదు బిడ్డా, అనుమానంతోనే పిలిచింది. ధైర్యమంటే గదే" అన్నారు. దేవుడి విషయంలో నా సందేహం ఇప్పటికీ తీరలేదు. కానీ పిలవడం నేర్చుకున్నాను. ఒక అర్ధరాత్రి వాంతులు ఆగకపోతే పక్కింటి అక్కను పిలిచాను. అంతకుముందైతే తెల్లారేదాకా ఓర్చుకునేదాన్ని.

ఆ అక్కకు ఎన్ని దండాలు పెట్టినా తక్కువే. నోరంతా పూసి అన్నం మింగలేని రోజుల్లో జావ చల్లార్చి తెచ్చేది. జుట్టంతా ఊడిన రోజు పక్కన కూర్చొని, మాట్లాడకుండా నా తల నిమిరింది. ప్రేమంటే ఏందో చెప్పమని సార్ ఒకసారి అడిగితే నాకు ఆ చెయ్యే గుర్తొచ్చింది. ప్లేట్‌లెట్లు ఇచ్చిన ఇద్దరు కాలేజీ పిల్లలకు, కాజీపేటలో రైలెక్కిన ప్రతిసారీ సికింద్రాబాద్ దాకా నా తలను భుజం మీద మోసిన మా ఆయనకు కూడా.

పోయిన ఆదివారం సార్‌ను తీసుకొని పోతన ఊరు బమ్మెర వెళ్లాం. ఇప్పుడు జనగామ జిల్లాలోకి పోయింది కానీ మాకు అది వరంగలే. అక్కడ సార్ ఆ పద్యం ఎత్తుకొని, గొంతు పూడుకుపోయి సగంలో ఆగారు. మిగతాది నేను చదివాను.

వచ్చే వారం ఆయనకు కంటి ఆపరేషన్. కన్ను బాగయ్యేదాకా రోజూ సాయంత్రం వెళ్లి నేనే చదివి వినిపిస్తానని చెప్పాను. పుస్తకం ఇప్పుడు నా దగ్గరే ఉంది.