వంతు కాగితం ఎవరైనా రాస్తారు

సంపాదకులకు,

దాళ్వాకు, అంటే రెండో పంట వరికి, కాలువ నీళ్లు వంతులవారీగా ఇవ్వడం మొదలెట్టగానే గోదావరి డెల్టాలో ఒకటే గొడవ. నీటి సంఘం అధ్యక్షుడు పట్టించుకోలేదని రైతులు, నీటిపారుదల శాఖ ఏఈ (అసిస్టెంట్ ఇంజినీరు) తన మాట వినలేదని అధ్యక్షుడు. ఇద్దరూ చేయాల్సింది ఒకటే పని అనుకోవడం దగ్గరే చిక్కంతా ఉంది. 1997 నీటి సంఘాల చట్టం కింద రైతులు ఎన్నుకున్న సభ్యులు అధ్యక్షుణ్ణి ఎన్నుకుంటారు, ఏఈని ప్రభుత్వం వేస్తుంది. ఒకరిది నాయకత్వం, మరొకరిది నిర్వహణ.

వంతు వేయడం లెక్కల పని. క్యూసెక్కు (సెకనుకు ఒక ఘనపుటడుగు) నీరు 24 గంటలు పారితే ఎకరాకు రెండంగుళాల చొప్పున సుమారు 12 ఎకరాలు తడుస్తాయి. 40 క్యూసెక్కుల కాలువ ఐదు రోజులు పారితే కాగితం మీద 2,400 ఎకరాలు. ఇంకుడు, గట్ల లీకులు, గుర్రపుడెక్క కలిసి పావు వంతు మింగాయనుకుంటే మిగిలేది 1,800. ఏ తూము ఏ గంటకు తెరవాలి, నీటి మట్టం చూపే గేజీ రెండు పూటలా ఎవరు చూడాలి, కాలువ కాపలాదారు లస్కరు ఎక్కడ ఉండాలి అన్నవి ఏఈ కూర్చుని రాసేయగలడు.

రాయలేనిది ఒకటుంది. మడి నిండా నీళ్లున్న ఎగువ రైతు తన తూము తానే మూసుకోవాలి. రాత్రి తాళం వేసి వెళ్తే తెల్లారేసరికి తాళం అలాగే ఉంటుంది, పక్కన గట్టుకు చిన్న గండి ఉంటుంది. లేదా గట్టు మీద ఆయిల్ ఇంజిను తిరుగుతుంటుంది. లస్కరుదీ ఆ ఊరే, ఎవరి పేరని రాస్తాడు? ఇక్కడ కావాల్సింది అధ్యక్షుడు. వంతుకు నాలుగు రోజుల ముందే ఎగువ ఊరి పెద్దరైతుల్ని శివారుకు, అంటే కాలువ చివరి పొలాలకు, తీసుకెళ్లి, పొట్ట మీదున్న వరిలో నెర్రెలు చూపించాలి. మైకులో చెబితే సరిపోదు.

అయితే గేజీ చదవడం రాని అధ్యక్షుడు రైతులకు మాట ఇవ్వకూడదు. 40 వస్తుందని ఒప్పించాక 28 వస్తే రెండో వంతుకు ఒక్క తూమూ మూతపడదు. అక్కడ రెండు పనులూ కలిసిపోతాయి. ధవళేశ్వరం ఆనకట్ట కట్టించిన ఇంజినీరు కాటన్ దొర నాయకుడు, ఆయన కింద పనిచేసిన వీణెం వీరన్న అమలు చేసినవాడు అని తేలిగ్గా అనేస్తుంటాం. 1847లో పని మొదలవడానికి ముందు నివేదికలు, అంచనాలు తయారుచేసింది కాటనే. వేలమంది కూలీలను రప్పించి పనిలో నిలబెట్టింది వీరన్న. ఎవరిది ఏ పని అంటారు?

మన అధ్యక్షుల్లో చాలామందికి నిర్వహణ మీదే మోజు, అందులోనూ బిల్లులున్న భాగం మీద. దాళ్వా అయ్యాక కాలువ కట్టేసిన కొద్ది వారాల్లోనే పూడిక తీయాలి. తల నుంచి శివారు దాకా ఏఈతో కలిసి నడిచి, తీయక ముందు, తీశాక కాలువ అడుగు లెవెల్స్ (మట్టం కొలతలు) పట్టించాలి. ఆలస్యం చేసి నీళ్లు వదిలే వారంలో యంత్రం దించితే ఆ కొలతలు నీళ్ల కింద ఎవరికి కనిపిస్తాయి?

2024 డిసెంబరులో ఎన్నికైన సంఘాలకు ఒక్కటే అడుగుతున్నాం. ఈసారి వంతుల పట్టికను ప్రతి తూము దగ్గరా, పంచాయతీ గోడ మీదా అంటించండి. అధ్యక్షుడి సొంత చేలకు నీరు పారే తూము ఏ రోజు, ఏ గంటకు మూతపడుతుందో మొదటి వరసలో రాయండి.

- విశ్రాంత నీటిపారుదల ఉద్యోగులు కొందరు, అమలాపురం