గుంజుతదన్నారు సరే, ఆగుతదా అంటే ఎవరూ మాట్లాడరు

ట్రాక్టర్ కంపెనీ కస్టమర్ కేర్ మేనేజర్ గారికి,

నమస్కారం. మాది నాగర్‌కర్నూల్ జిల్లా పదర మండలం, నల్లమల గుట్ట మీద ఊరు. పోయిన జూన్‌లో మీ డీలర్ దగ్గర 27 హెచ్‌పీ చిన్న ట్రాక్టర్, దానితో పాటే రెండు చక్రాల ట్రాలీ కొన్నాను. మొన్న కార్తీక సోమవారం నాడు మన్ననూర్ ఘాట్ దిగుతుంటే ఆ రెండూ కలిసి మా తమ్ముడి చెయ్యి విరగ్గొట్టాయి. ఫోన్ చేస్తే మీ కస్టమర్ కేర్‌లో "మీ ఫిర్యాదు నమోదైంది సార్" అని మూడుసార్లు చెప్పారు, మూడుసార్లూ మూడు వేరే నంబర్లు ఇచ్చారు, ఇంతవరకు ఎవరూ తిరిగి ఫోన్ చేయలేదు. అందుకే ఈ లేఖ పోస్టులో మీకు పంపుతున్నాను, ఇక్కడ కూడా పెడుతున్నాను. వచ్చే సీజన్‌కు చిన్న ట్రాక్టర్ కొందామనుకునే వాళ్ళు ఎవరైనా చదువుతారు.

ముందు అమ్మిన రోజు సంగతి. మాకు ఆరెకరాలు, పత్తి, మక్క వేస్తాం. దున్నడానికి, పత్తి సాళ్ళ మధ్య గుంటక తోలడానికి చిన్న బండి బాగుంటుంది, డీజిల్ తక్కువ తాగుతుంది. ఆ పనుల్లో మీ బండి మీద నాకు ఏ ఫిర్యాదూ లేదు, ఉన్నమాట చెప్పాలి కదా, మంచి బండి. నేను మీ సేల్స్ పిల్లవాడిని అడిగింది ఒకటే: పంటను గుట్ట దించి అచ్చంపేట మార్కెట్‌కు తీసుకుపోవాలి, దీనికి ఏ ట్రాలీ సరిపోతుంది? దానికి అతను "చిన్నది తీసుకుంటే రెండు ట్రిప్పులైతయి అన్నా, పెద్దదే తీసుకో, లో గేర్ల ఏస్తే ఏనుగునైనా గుంజుకపోతది, ఫికర్ చెయ్యకు" అన్నాడు. షోరూం ముందు చదును రోడ్డు మీద ఇసుక నింపిన ట్రాలీ తగిలించి చూపించాడు కూడా. గుంజింది. మేం చప్పట్లు కొట్టలేదు గానీ కొట్టినంత పని చేశాం. మా నాయిన మాత్రం "ఆగుతదా?" అన్నాడు. పిల్లవాడు నవ్వి "ఆయిల్ బ్రేకులు పెద్దాయనా" అన్నాడు. అక్కడితో ఆ మాట ముగిసింది, నేను కూడా నాయినను ఊరుకోమన్నాను, ఆ తప్పు నాది.

సెప్టెంబర్‌లోనే మాకు ఒక గుర్తు దొరికింది, మేం పట్టించుకోలేదు. యూరియా, డీఏపీ బస్తాలు వేసుకుని ఘాట్ ఎక్కుతుంటే ఒక మలుపులో ట్రాక్టర్ ముందు చక్రాలు రోడ్డు వదిలి జానెడు లేచాయి. స్టీరింగ్ తిప్పితే ఉత్తి గాలిలో తిరుగుతోంది. మీ మెకానిక్‌ను పిలిస్తే వచ్చి ముందు భాగానికి ఇనుప బరువులు బిగించి డబ్బులు తీసుకుని పోయాడు. ట్రాలీ మెడ ఎత్తుగా ఉందని కొక్కేన్ని మీ వాళ్ళే పైకి జరిపి తగిలించారనీ, లాగుడు వెనక ఇరుసు కంటే పైనుంచి పడితే ట్రాక్టర్ మూతి లేచి వెనక్కి బోర్లా పడే ప్రమాదం ఉందనీ ఆ రోజు ఆ మెకానిక్ చెప్పలేదు. కల్వకుర్తిలో ముప్పై ఏళ్ళుగా ట్రాక్టర్లు బాగుచేసే ఒక ముసలాయన ఇప్పుడు చెబితే తెలిసింది. బరువులు కడితే మూతి లేవడం తగ్గుతుంది, వెనక ఉన్న బరువు మాత్రం ఎక్కడికీ పోదు.

ఇక ఆ సోమవారం. మక్కలు 65 బస్తాలు, బస్తా 60 కిలోలు. తెల్లారగానే బయలుదేరాం, నేను నడుపుతున్నాను, తమ్ముడు పక్కన మడ్‌గార్డ్ మీద కూర్చున్నాడు. (అవును, అలా కూర్చోకూడదు. మా దగ్గర ట్రాక్టర్ ఉన్న ఏ ఇంట్లోనైనా ఒకరు అక్కడే కూర్చుంటారు, మీ షోరూం గోడ మీది పోస్టర్‌లో కూడా కూర్చున్నారు.) కార్తీక సోమవారం కాబట్టి శ్రీశైలం పోయే కార్లు ఎదురుగా ఒకదాని వెనక ఒకటి వస్తున్నాయి. మన్ననూర్ దాటి హాజీపూర్ వైపు దిగుడు మొదలయ్యేటప్పుడు నేను బండిని ఉండాల్సిన దానికంటే ఒక గేర్ ఎక్కువలో ఉంచాను. మొదటి మలుపు దాటేసరికే వెనక నుంచి ఎవరో నెడుతున్నట్టు అనిపించింది, ఇంజన్ అరుస్తోంది, బ్రేక్ తొక్కితే కొంచెం తగ్గి మళ్ళీ అందుకుంటోంది. గేర్ తగ్గిద్దామని క్లచ్ తొక్కాను. ఆ క్లచ్ తొక్కడమే నా ప్రాణం మీదికి తెచ్చింది, ఎందుకంటే అప్పటిదాకా ఎంతో కొంత పట్టి ఆపుతున్నది ఇంజనే, క్లచ్ తొక్కగానే ఆ పట్టు పోయింది, వేగం పెరిగింది, చిన్న గేర్ పడనంటోంది, గరగరమని పళ్ళు రాసుకుంటున్న చప్పుడు తప్ప ఏమీ లేదు. ట్రాక్టర్ న్యూట్రల్‌లో, వెనక మక్కలు, ముందు మలుపు, మలుపు అవతల నుంచి కార్ల హారన్లు.

రెండు కాళ్ళతో బ్రేక్ తొక్కితే వెనక టైర్లు బిగుసుకుపోయాయి గానీ బండి ఆగలేదు, ట్రాలీ తోస్తూనే ఉంది, అలాగే జారుతూ పోయింది. లోయ వైపు పోవడం కంటే ఇదే నయమని కొండవైపు గట్టుకు తిప్పాను. ట్రాక్టర్ ముందు గట్టుకు గుద్దుకుంది, ట్రాలీ ఆగకుండా పక్కకు వచ్చి ట్రాక్టర్‌ను చాకు మడిచినట్టు మడిచింది. తమ్ముడు ఎగిరి రోడ్డు మీద పడ్డాడు, ముంజేయి రెండు చోట్ల విరిగింది. ముందు ఇరుసు పోయింది, కొక్కెం పిన్ను వంగిపోయింది, ఇరవై బస్తాలు పగిలి రోడ్డంతా మక్కలు. అయ్యప్ప మాల వేసుకున్న నలుగురు కారు ఆపి, తమ్ముడిని అచ్చంపేట ఆసుపత్రికి తీసుకుపోయారు. వాళ్ళ పేర్లు అడగాలని కూడా నాకు తోచలేదు.

తర్వాత నేను చేసిన మొదటి పని ట్రాక్టర్‌ను, ఖాళీ ట్రాలీని విడివిడిగా కాంటా పెట్టించడం. ట్రాక్టర్ 1020 కిలోలు. ఖాళీ ట్రాలీ 1200. బండి కంటే ఖాళీ ట్రాలీయే బరువు! మక్కలు 3900 కలిపితే వెనక మొత్తం 5100 కిలోలు, అంటే బండికి ఐదు రెట్లు. ఆ ట్రాలీకి బ్రేకులు లేవు. ట్రాక్టర్‌కు బ్రేకులు వెనక రెండు చక్రాలకే. బండి, ట్రాలీ కలిపి ఆరు టన్నులను ఆ రెండు టైర్లు రోడ్డును పట్టుకున్నంత పట్టుతోనే ఆపాలి, అది ఆయిల్ బ్రేకైనా ఇంకేదైనా టైరు జారాక చేసేదేమీ ఉండదు. లాగడం వేరు. చిన్న ఇంజన్ అయినా గేర్ తగ్గిస్తే చదును మీద నెమ్మదిగా చాలా బరువును కదిలిస్తుంది, అందుకే మీ డెమోలో అంత బాగా గుంజింది. ఆపేటప్పుడు గేర్లు అలా సాయం చేయవు, అక్కడ బండి సొంత బరువు కావాలి, ట్రాలీకి సొంత బ్రేకులు కావాలి.

మీరిచ్చిన మాన్యువల్ ఇంగ్లీషులో ఉంది, మా అక్క కొడుకు డిప్లొమా చదువుతున్నాడు, వాడితో చదివించాను. బ్రేకులు లేని ట్రాలీ సరుకుతో కలిపి ట్రాక్టర్ బరువుకు ఒకటిన్నర రెట్లు దాటకూడదని మీరే రాశారు. నా బండికి లెక్క వేస్తే 1530 కిలోలు. అందులో ఖాళీ ట్రాలీ 1200 పోతే మిగిలేది 330. అంటే మీ డీలర్ "పెద్దదే తీసుకో" అని అంటగట్టిన ట్రాలీలో నేను న్యాయంగా వేసుకోవాల్సింది ఐదు బస్తాలు. ఐదు బస్తాల కోసం ట్రాక్టర్, ట్రాలీ ఎవరు కొంటారు సార్? ఎడ్లబండి నయం కదా. ఈ ఒక్క వాక్యం తెలుగులో చెప్పి ఉంటే నేను ఆ ట్రాలీ కొనేవాడిని కాదు, పంట దించడానికి పెద్ద ట్రాక్టర్ కిరాయికి పిలిచేవాడిని. పాంప్లెట్‌లో హెచ్‌పీ ఉంది, హైడ్రాలిక్ ఎంత ఎత్తుతుందో ఉంది, డీజిల్ ట్యాంకు ఎన్ని లీటర్లో ఉంది. వెనక ఎంత తగిలించవచ్చో మాత్రం లేదు.

మీ డీలర్ ఇప్పుడు మూడు మాటలు చెబుతున్నాడు. ట్రాలీ మా కంపెనీది కాదు, వెల్డింగ్ షాపు వాళ్ళది అంటాడు, కానీ బిల్లు ఆయన లెటర్‌హెడ్ మీదే ఉంది, రెండింటికీ కలిపే ఫైనాన్స్ చేయించాడు, కిస్తీ కూడా కలిపే కడుతున్నాను. ఓవర్‌లోడ్ వేశావు అంటాడు, లోడ్ ఎంతో చెప్పకుండా ఓవర్ ఎలా అవుతుందో నాకు అర్థం కాలేదు. గేర్ తప్పు వేశావు అంటాడు, అది నిజమే, పైనే ఒప్పుకున్నాను. దిగుడు మొదలుకాక ముందే చిన్న గేర్ వేసుకోవాలని, మధ్యలో క్లచ్ తొక్కకూడదని, రోడ్డు మీద, కుడి చక్రానికొకటి ఎడమ చక్రానికొకటి ఉండే రెండు బ్రేక్ పెడళ్ళను కలిపి లాక్ పట్టీ వేయాలని డెలివరీ రోజు ఐదు నిమిషాలు చెబితే ఏం పోయేది? ఆ రోజు ఐదు నిమిషాలు దండ వేసి ఫోటో తీయడానికి పోయాయి. ఇన్సూరెన్స్ సంగతి ఇంకొకటి. ట్రాలీకి రిజిస్ట్రేషన్ వేరే, పాలసీలో దాన్ని విడిగా రాయించాలి, మీ వాళ్ళు "తర్వాత చేద్దాం" అని వదిలేశారు, ఇప్పుడు ఇన్సూరెన్స్ వాళ్ళు ట్రాలీ మాకు తెలియదంటున్నారు.

ఇది నా ఒక్కడి గొడవ అయితే ఇంత రాసేవాడిని కాదు. మా మండలంలోనే ఇలాంటి జోడీలు నాకు తెలిసి తొమ్మిది ఉన్నాయి, పత్తి ఏరే రోజుల్లో అవే ట్రాలీల్లో ఇరవై మంది ఆడవాళ్ళు ఎక్కుతారు. 2018లో వేములకొండ దగ్గర కూలీల ట్రాక్టర్ మూసీ కాలువలో పడి 15 మంది పోయారు. అక్కడ కారణం వేరు కావచ్చు, నేను దాన్ని మీకు అంటగట్టడం లేదు, కానీ ట్రాలీలో మక్కలే ఉంటాయనుకుని లెక్కలు వేయకండి అని చెబుతున్నాను.

నాకు కావాల్సింది చెబుతాను. ఆ ట్రాలీ వెనక్కి తీసుకుని డబ్బు ఇవ్వండి, లేదా బండికి తగ్గ, బ్రేకులున్న చిన్న ట్రాలీ ఇవ్వండి. బండి రిపేరు 68,500 అయింది, తమ్ముడి చేతికి రాడ్ వేశారు, ఆ బిల్లులు జత చేశాను. మీ ప్రతి ట్రాక్టర్ మడ్‌గార్డ్ మీద, బ్రేకులు లేని ట్రాలీ ఇంత, బ్రేకులున్నది ఇంత అని కిలోల్లో, తెలుగులో రాయించండి, రంగుతో రాయించినా చాలు, ఖర్చు వంద రూపాయలు కూడా కాదు. మా మండలంలో అమ్మిన ఆ తొమ్మిది బండ్ల వాళ్ళకు మీ మనిషిని పంపి చెప్పించండి, వచ్చే నెల పత్తి లోడ్లు మొదలవుతాయి కాబట్టి ఇది మాత్రం ముందు చేయండి, నా డబ్బు తర్వాతైనా పర్లేదు. 15 రోజులు చూస్తాను, ఆ తర్వాత వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి, 2019 వినియోగదారుల చట్టం కింద జిల్లా కమిషన్‌లో కేసు వేస్తాను, కాంటా చీటీలు, మాన్యువల్ పేజీ, బిల్లు అన్నీ జిరాక్సులు తీసి పెట్టుకున్నాను.

జవాబు తెలుగులో రాయండి. మా నాయిన చదవాలంటున్నాడు, ఆయన అడిగిన ప్రశ్నకు ఇంకా ఎవరూ బదులు చెప్పలేదు.

ఇట్లు,
మీ 27 హెచ్‌పీ బండి కొన్న పదర మండలం రైతు