మెరిసే నేల మీద పెద్దవాళ్లు నడిచేదెలా?

సంపాదకుడు గారికి,

హైదరాబాద్‌లో ఇప్పుడు పెళ్లి రిసెప్షన్ అంటే చాలామందికి ఫైవ్ స్టార్ హోటలే. హైటెక్ సిటీ వైపు కొత్తగా లేచినవాటిలో ఇంటీరియర్ల మీద ఎంత ఖర్చు పెట్టారో గుమ్మంలోనే తెలిసిపోతుంది గానీ, డిజైన్ చేసినవాళ్లు డెబ్బై ఏళ్ల మనిషిని ఒక్కసారైనా ఆ లాబీలో నడిపించి చూశారా అని నా అనుమానం. అద్దంలా పాలిష్ చేసిన నేల, అదే రంగు రాయితో రెండు మెట్లు, పైన మసక లైటు. మెట్టు ఎక్కడ మొదలైందో కుర్రాళ్లకే కనపడదు. సోఫాలేమో మోకాళ్ల కంటే కిందకి ఉంటాయి, పట్టుకుని లేద్దామంటే వాటికి చేతులు ఉండవు. ఇక గదిలో బాత్రూముకి గాజు గోడ! తల్లిదండ్రులతో కలిసి ఒకే గదిలో దిగేవాళ్లు ఉంటారని ఎవరికీ తట్టలేదా?

రాయిది తప్పేం లేదు. మన చీమకుర్తి గెలాక్సీ గ్రానైట్‌నే తోలులా కాస్త గరుకుగా ఉండే లెదర్ ఫినిష్‌లోనో, మంటతో కాల్చి గరుకు చేసిన ఫ్లేమ్డ్ ఫినిష్‌లోనో వేస్తే కాలికి పట్టు దొరుకుతుంది, అందానికీ లోటు రాదు. మెట్టు అంచున వేరే రంగు పట్టీ, పక్కన ఒక రెయిలింగ్ పెట్టినా షాండ్లియర్ ఖర్చు ముందు అదొక లెక్కా? ఫలక్‌నుమా అంటే 19వ శతాబ్దపు ప్యాలెస్, 2010లో హోటల్‌గా తెరిచారు, దాని మెట్లు పగలగొట్టమని ఎవరూ అనరు. నిన్నమొన్న కట్టినవాటికి ఏం అడ్డొచ్చింది?

2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం ప్రకారం జనం వచ్చిపోయే ప్రైవేటు భవనాలూ పబ్లిక్ భవనాల కిందకే వస్తాయి, వాటిని అందరూ వాడుకునేలా ఉంచాలి. ఈ ప్రమాణాలను సలహాల్లా వదిలేయకుండా తప్పనిసరి చేయాలని 2024 నవంబరులో సుప్రీంకోర్టు కూడా కేంద్రానికి చెప్పింది. స్టార్ రేటింగ్ ఇచ్చే కేంద్ర పర్యాటక శాఖ కమిటీ దివ్యాంగుల కోసం ఒక గది ఉందా అని చూస్తుంది. మరి ఆ గదికి వెళ్లే దారి, బాంక్వెట్ హాలు, స్టేజీ మెట్లు? వీల్‌చెయిర్‌లో ఉన్న తాతగారిని నలుగురు మోసుకెళ్లి అక్షింతలు వేయించడం పెళ్లి వీడియోలో బాగానే ఉంటుంది, ఆయన్ని అడిగితే కదా తెలిసేది.

రేటింగ్ కమిటీ వాళ్లూ, భవనాన్ని వాడుకోవచ్చని ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ ఇచ్చే మున్సిపల్ అధికారులూ సంతకం పెట్టేముందు, ఆ లాబీలో నాలుగు చెంబుల నీళ్లు చల్లించి ఒకసారి తామే నడిచి చూడాలని మీ పత్రిక ద్వారా కోరుతున్నాను.

ఇట్లు,
ఒక పాఠకుడు, సికింద్రాబాద్