బోర్డు అంచు గీత గురించి మా కస్టమర్లకు ఖరాఖండీగా కొన్ని మాటలు

వచ్చే నెల ఒకటో తారీకు నుంచి, అంచు గీత (సర్క్యూట్ బోర్డును ఎక్కడ కోయాలో చెప్పే గీత) స్పష్టంగా లేని పీసీబీ, అంటే సర్క్యూట్ బోర్డు ఫైలు వస్తే ఫ్యాక్టరీకి పంపం. మీకు ఫోన్ చేసి పక్కన పెడతాం. ఇన్నాళ్లూ అలాంటివి మేమే కూర్చుని సరిచేసేవాళ్లం, దానికి డబ్బు కూడా అడిగేవాళ్లం కాదు. ఇప్పుడు ఆర్డర్లు పెరిగాయి, మనుషులు పెరగలేదు.

"సోమవారమే ఫైలిచ్చాం, బోర్డులింకా రాలేదేటండీ" అని పలాస జీడిపప్పు యూనిట్ల నుంచి, రాజాం, బొబ్బిలి వైపు స్టార్టర్ ప్యానెళ్లు కట్టేవాళ్ల నుంచి రోజూ ఫోన్లు. మాది విజయనగరంలో చిన్న షాపు. ఖాళీ బోర్డు బయటి ఫ్యాక్టరీలో తయారవుతుంది, పార్టులు అతకడం, టెస్టింగు మా దగ్గర. ఫ్యాక్టరీలో ఫైలు తెరిచిన ఇంజనీరుకు అంచు మీద అనుమానం వస్తే ఒక మెయిల్ పెట్టి ఆ జాబ్‌ని ఆపేస్తాడు. జవాబు వెళ్లేదాకా అది కదలదు. ఆ మెయిల్ వచ్చేది సాయంత్రం. మేం ఫోన్ చేసేసరికి మీరు పొలంలో మోటారు దగ్గరో, కాలేజీ ల్యాబ్‌లోనో ఉంటారు. మర్నాడు మీరు చెప్పేలోపు ఆ పూట వెళ్లాల్సిన ప్యానెల్ (బోర్డులు పేర్చి ఒకేసారి చేసే పెద్ద షీటు) వెళ్లిపోతుంది. ఆలస్యం అక్కడ.

"చుట్టూ గీసే ఒక్క గీతకి ఇంత గొడవేటి సార్" అని మొన్న ఒక కుర్రాడు నవ్వాడు. ట్రాక్ (బోర్డు మీది రాగి దారి) తప్పయితే బ్లేడుతో కోసి, వైరు ముక్క అతికి బోర్డును బతికించుకోవచ్చు. కోత తప్పయితే అది చెత్తబుట్టకే.

ముందు లేయర్ల సంగతి, అంటే ఫైల్లో ఒక్కో పనికి విడిగా ఉండే పొరలు. కీక్యాడ్, ఈగిల్, ఆల్టియం మూడూ బోర్డు గీసే సాఫ్ట్‌వేర్లే. కీక్యాడ్‌లో అంచుకు ఎడ్జ్ కట్స్ అని విడిగా లేయర్ ఉంది. ఈగిల్‌లో 20వ నంబరు డైమెన్షన్ లేయర్. ఆల్టియం దగ్గరే గందరగోళం. ఒకరు మెకానికల్ 1లో గీస్తారు, ఇంకొకరు కీపౌట్‌లో. కీపౌట్ అసలు పని ట్రాకులు ఇటు రాకూడదని చెప్పడం, పాత అలవాటు కొద్దీ దాన్నే అంచుగా వాడేస్తారు. రెండింట్లోనూ గీసి, రెండిటికీ అర మిల్లీమీటరు తేడా ఉన్న ఫైళ్లతోనే మాకు తలనొప్పి. ఏదో ఒక్కదాంట్లో గీయండి, ఏ లేయరో ఆర్డర్ మెసేజ్‌లో రాయండి. ఫ్యాక్టరీకి పంపే ఫైళ్లు తీసేటప్పుడు మీ సాఫ్ట్‌వేర్‌లో గెర్బర్ ఎక్స్2 అనే పద్ధతి ఉంటే అదే ఎంచుకోండి. 2014లో వచ్చిన ఈ పద్ధతిలో ఏ ఫైలు అంచుదో ఫైల్లోనే రాసి ఉంటుంది, పేరు చూసి ఊహించే పని లేదు.

గీత సన్నగా ఉండాలి, 0.1 మి.మీ. చాలు. ఆ గీత నడిమధ్యనే బోర్డు అంచుగా లెక్క. లావుగా గీస్తే బయటి ఒడ్డు అని మీరనుకుంటారు, మధ్య అని వాళ్లనుకుంటారు. చుట్టూ తిరిగి మొదలైన చోటే కలవాలి కూడా. వేరే సాఫ్ట్‌వేర్‌లో గీసిన డీఎక్స్‌ఎఫ్ డ్రాయింగు తెచ్చి పెట్టినప్పుడు వంపు, తిన్నని గీత కలిసే చోట కంటికి కనబడని ఖాళీ మిగిలిపోతుంది. కీక్యాడ్ వాళ్లు 3డీ వ్యూ తెరిచి చూడండి. మీరు గీసిన గుండ్రటి బోర్డు అక్కడ నలుచదరంగా కనబడితే గీత ఎక్కడో తెగినట్టే. డీఆర్‌సీ (సాఫ్ట్‌వేర్‌లోనే తప్పులు వెతికే తనిఖీ) నడిపితే చోటు దొరుకుతుంది. కొలతల బాణాలు, "ఇక్కడ కట్" అనే అక్షరాలు ఆ లేయర్‌లో పెట్టకండి, యంత్రానికి అవీ కోతలే. డీఎక్స్‌ఎఫ్ అంగుళాల్లో ఉందా మిల్లీమీటర్లలో ఉందా అన్నదీ చూసుకోండి. తేడా 25.4 రెట్లు కాబట్టి అది మాక్కూడా కనబడుతుంది లెండి, ఓసారి నవ్వుకుని ఫోన్ చేస్తాం.

ఇక లోపలి కటౌట్లు, అంటే బోర్డు మధ్యలో కోసే ఖాళీలు. బోర్డును కోసే యంత్రం రౌటర్, దాని బిట్ గిర్రున తిరుగుతూ కోస్తుంది. మామూలుగా వాడేది 2 మి.మీ. బిట్. దాంతో బయటి మూలలు పదునుగా వస్తాయి, లోపలి మూలలు మాత్రం రావు. 1 మి.మీ. వ్యాసార్ధంతో గుండ్రం తిరుగుతాయి. జీడిపప్పు డ్రయ్యర్ల టెంపరేచర్ కంట్రోలర్లలో డిస్‌ప్లే బోర్డులోంచి బయటికి రావడానికి కిటికీ గీస్తారు. డిస్‌ప్లే ఎంతుందో కిటికీ సరిగ్గా అంతే గీస్తారు. తీరా బోర్డు వచ్చాక నాలుగు మూలల్లోనూ డిస్‌ప్లే తగులుకుంటుంది. లెక్క కష్టమేం కాదు: ఒక్కో వైపు 0.3 మి.మీ. వదిలితే డిస్‌ప్లే మూల ఆ గుండ్రానికి తగలకుండా పడుతుంది. కోతలో 0.2 మి.మీ. అటూ ఇటూ అవుతుంది కాబట్టి అర మిల్లీమీటరు వదలండి. అంత జాగా లేకపోతే కిటికీ నాలుగు మూలల్లోనూ చిన్న గుండ్రటి కోత అదనంగా పెట్టండి, మూల దాంట్లోకి దూరుతుంది. ఇలాంటి కిటికీలను మా కుర్రాళ్లు ఇన్నాళ్లూ ముక్కోణపు ఆకురాయితో అరగదీసేవారు. ఎఫ్‌ఆర్-4 బోర్డంటే గాజు నారే. ఆ పొడి చేతులకు దురద, ఊపిరితిత్తులకు చేటు. మాస్కులు పెట్టుకున్నా ఆ పని వాళ్లతో ఇక చేయించను.

స్టార్టర్ బోర్డుల వాళ్లకు ఇంకో ముక్క, ఇది రేట్ల కన్నా ముఖ్యం. త్రీఫేజ్ మోటారు స్టార్టర్‌లో రిలేకి (చిన్న కరెంటుతో పెద్ద కరెంటును ఆన్, ఆఫ్ చేసే స్విచ్చు) ఒక వైపు 415 వోల్టులు, రెండో వైపు మైక్రోకంట్రోలర్ 5 వోల్టులు. మధ్యలో బోర్డు మీద దుమ్ము, వానాకాలం చెమ్మ పట్టి కరెంటు ఉపరితలం మీదుగా పాకుతుంది. కొన్నాళ్లకు అక్కడ నల్లగా మాడి దారి పడుతుంది. అందుకే మధ్యలో గాడి కోస్తాం, కరెంటు ఆ గాడి చుట్టూ తిరిగి వెళ్లాల్సి వస్తుంది. అయితే గాడి మరీ సన్నగా ఉంటే దుమ్ముతో పూడిపోతుంది. ఇన్సులేషన్ లెక్కలకు వాడే ఐఈసీ 60664-1 అనే అంతర్జాతీయ ప్రమాణం ప్రకారం కాలుష్య స్థాయి (దుమ్ము, చెమ్మ ఎంత పడతాయో చెప్పే అంకె) 2 ఉన్న చోట 1 మి.మీ. కన్నా సన్నని గాడి లెక్కలోకే రాదు, స్థాయి 3 అయితే 1.5 మి.మీ. ఉండాలి. పొలంలో రేకు డబ్బాలో ఉండే స్టార్టర్‌ని స్థాయి 3 కిందే చూడాలని నా అభిప్రాయం, కాబట్టి 2 మి.మీ. పెట్టండి. ఎలాగూ బిట్ అదే, ఒక్క వరసలో కోసేస్తుంది. గాడికి రెండు పక్కలా 0.3 మి.మీ. వరకు రాగి రానివ్వకండి. ఇంకోటి, గాడిని సిల్క్‌స్క్రీన్ (బోర్డు మీద అక్షరాలు ముద్రించే) లేయర్‌లో గీసి పంపేవాళ్లున్నారు. బోర్డు మీద అందమైన తెల్ల గీత వస్తుంది, గాడి రాదు.

డీసీ జాక్ కాళ్లలాంటి బల్లపరుపు కాళ్లకు కావాల్సిన స్లాట్లు వేరు. వాటి లోపల రాగి పూత పడాలి కాబట్టి ప్యాడ్‌తో (అతికే చోట ఉండే రాగి) కలిపి, కన్నాల లెక్క ఉండే డ్రిల్ ఫైల్లో రావాలి. స్క్రూ కన్నాలు కూడా డ్రిల్‌లోనే పెట్టండి, ఎం3 స్క్రూకి 3.2 మి.మీ.

ఇప్పుడు డబ్బు సంగతి. నలుచదరం బోర్డులకు రేటు మారలేదు. వాటిని వి-కట్‌తో (బోర్డుల మధ్య పెట్టే వి ఆకారపు గాటు) వరసగా పేర్చి, చివర్లో టాబ్లెట్ స్ట్రిప్ విరిచినట్టు విరిచేస్తాం. వి-కట్ ఈ చివర నుంచి ఆ చివరకు తిన్నగానే వెళ్తుంది, వంపు తిరగదు. లైట్ల కోసం అడిగే గుండ్రటి బోర్డులకు చుట్టూ రౌటర్ తిప్పాలి, బోర్డు విడిపోకుండా చిన్న చిన్న బంధాలు వదలాలి, విరిచాక మిగిలిన బుడిపెలు నున్నగా చేయాలి. బిట్లు అరుగుతాయి, మనిషి టైం పడుతుంది. అందుకని వంపులు, లోపలి కటౌట్లు ఉన్న వాటికి ప్యానెల్‌కు 150 రూపాయలు అదనం. అంచు మేమే గీసిపెట్టాలంటే ఫైలుకు 300. వి-కట్ పక్కన రాగిని అర మిల్లీమీటరు దూరం ఉంచండి. సిరామిక్ కెపాసిటర్లను ఇంకాస్త దూరంగా, విరిచే గీతకు సమాంతరంగా పెట్టండి. లేకపోతే విరిచేటప్పుడు లోపల పగులుతాయి, పైకి కనబడదు.

మీకు కావాల్సింది ఐదు నలుచదరపు బోర్డులే అయితే, సోల్డరింగ్ మీకే వస్తే, నేరుగా ఆన్‌లైన్‌లో ఆర్డర్ పెట్టుకోండి. మాకన్నా చవకే పడుతుంది, మేమేం అనుకోం. మీ బాక్సుకు అతికినట్టు సరిపోయే బోర్డు కావాలంటే మాత్రం మా దగ్గరికి రండి. వచ్చేటప్పుడు బాక్సు పట్టుకురండి. ఫోన్లో తీసిన ఫోటో మీద స్కేలు పెట్టి కొలవలేం.

ఫైలు పంపే ముందు ఒక్క పని చేయండి. అంచు, కన్నాలు మాత్రమే కాగితం మీద అసలు సైజులో ప్రింటు తీయించండి. మూడు లాంతర్ల దగ్గర జిరాక్స్ షాపయినా సరే, "ఫిట్ టు పేజ్" తీసేయమని చెప్పండి. కత్తెరతో కత్తిరించి బాక్సులో పెట్టి చూసుకోండి. ఫైనలియర్ పిల్లలకైతే మరీ మరీ చెప్తున్నాను, ప్రాజెక్టు రివ్యూ ముందు రోజు రాత్రి టెన్షన్ పడి ఫోన్ చేస్తే నేను చేయగలిగిందేం ఉండదు.

పైడితల్లమ్మ పండగకి తొలేళ్ల సోమవారం, సిరిమాను మంగళవారం షాపు ఉండదు. ఆ రెండ్రోజులూ వచ్చిన ఫైళ్లు బుధవారం పొద్దున వచ్చిన వరసలో చూస్తాం. పండగ వారంలోనే బోర్డులు కావాల్సిన వాళ్లు ముందు శనివారం మధ్యాహ్నంలోపు పంపేయండి.